లెక్కలోకి రాని బంతులు

ఆ ఆదివారం పొద్దున బేస్‌బాల్ మైదానంలో ఉన్నవాళ్ళు: మా జట్టు పన్నెండు మంది, అవతలి జట్టు పదకొండు మంది, ఒక అంపైర్, మా కోచ్, మడతకుర్చీలో మా అక్క. ఉన్న వస్తువులు: కోచ్ ఒళ్ళో స్పైరల్ నోట్‌బుక్, కంచెకి కట్టిన స్పీడ్ గన్, రెండు ఐస్ డబ్బాలు, అక్క కుర్చీ కింద పులిహోర, నా ఎడమ చేతికి తోలు గ్లవ్, బ్యాగ్‌లో నా ఫోన్, ఫోన్‌లో నాలుగు సీజన్ల లెక్క. బంతి వేసే మట్టిదిబ్బ, మౌండ్ మీద మా బావ.

తొమ్మిదో ఇన్నింగ్, ఆఖరిది. మాది ఒక్క పరుగు ఆధిక్యం. బావ వేసిన ఆరో బంతి నా తలకి రెండడుగుల పైనుంచి వెళ్ళి వెనక కంచెకి తగిలింది. ఆయన బంతి అలా ఎప్పుడూ రాదు. ఆయన బంతులు పట్టే నేను మాస్క్ తీసి చూసేసరికి బావ తన కుడిచేతిని ఎవరిదో చేతిలా చూసుకుంటున్నాడు. పరుగెత్తుకెళ్ళాను.

"ఏమైంది బావా?"

"బంతి ఇవ్వు."

"ఏమైందో చెప్పు ముందు."

"లోపల ఏదో టప్‌మంది. బంతి ఇవ్వు బామ్మర్దీ, ఇంకా ఇద్దర్ని అవుట్ చేయాలి."

కోచ్ నడుచుకుంటూ వచ్చి బావ చేతిలోని గ్లవ్ తీసుకున్నాడు. బావ ఇవ్వలేదు, ఆయన లాక్కున్నాడు. ఆ ఆట మేం ఓడిపోయాం. ఎన్ని పరుగుల తేడాతో ఓడామో నేను రాసుకోలేదు. నేను రాసుకోని మొదటి ఆట అదే.

బావ గురించి కొంత చెప్పాలి. మా అక్క భర్త. ఇక్కడే, ఇల్లినాయ్‌లోనే పుట్టి పెరిగాడు. ఊరి నీటి విభాగంలో ఉద్యోగం. తెలుగు మాట్లాడతాడు కానీ ఆయన తెలుగులో "మీరు" లేదు; మా నాన్నని కూడా "నువ్వు తిన్నావా?" అని అడుగుతాడు. మా నాన్న మొదట్లో బిగుసుకుపోయేవాడు, తర్వాత అలవాటు పడ్డాడు. నేను మొదటిసారి "మీరు" అన్నప్పుడు బావ వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో అని చూశాడు. అప్పటినుంచి నేనూ "నువ్వు" అనే అంటున్నాను.

కాలేజీలో బావ బేస్‌బాల్ ఆడాడు. క్లోజర్. క్రికెట్ తెలిసినవాళ్ళకి చెప్పాలంటే, గెలుపు చేతిదాకా వచ్చాక ఆఖరి ఓవర్ ఎవరికిస్తామో వాడు. ఎనిమిది ఇన్నింగ్‌లు మిగతావాళ్ళు కష్టపడతారు, తొమ్మిదోది ఆయన వచ్చి తాళం వేసి వెళ్ళిపోతాడు. కాలేజీ తర్వాత ఏ పెద్ద జట్టూ పిలవలేదు. బావ ఆ విషయం మాట్లాడడు. అరోరా చుట్టుపక్కల ఊళ్ళ ఆదివారం లీగ్‌లో చేరాడు. ఆ లీగ్‌లో ఎలక్ట్రీషియన్లు, టీచర్లు, రూఫ్‌లు వేసేవాళ్ళు ఆడతారు. వాళ్ళందరి మధ్య గంటకి ఎనభై ఎనిమిది మైళ్ళ వేగంతో బంతి వేసేవాడు ఒక్కడే, మా బావ.

అవతలి జట్లవాళ్ళు పొద్దున కారు దిగగానే అడిగే మొదటి ప్రశ్న, "ఆయన వచ్చాడా?" అని. ఎనిమిదో ఇన్నింగ్‌లో మేం ముందుండి, పక్కన కంచె దగ్గర బావ జాకెట్ విప్పుతుంటే, వాళ్ళలో కొందరు బ్యాట్‌లు సంచుల్లో సర్దుకునేవాళ్ళు. ఇది అతిశయోక్తి కాదు. నేను లెక్కపెట్టాను. ఒక ఆదివారం ఆరుగురు సర్దుకున్నారు.

నాలుగు సీజన్లలో ఆధిక్యం ఉండగా బావ చేతికి బంతి ఇచ్చిన ఆటలు నలభై ఆరు. నిలబెట్టినవి నలభై మూడు.

ఇక నేను. ఇంజినీరింగ్ కాలేజీలో వికెట్ కీపర్‌ని. అక్క వాళ్ళింటికి వచ్చిన మొదటి వారంలోనే బావ నన్ను పార్కుకి తీసుకెళ్ళి ఒక గ్లవ్ ఇచ్చాడు. మొదటి బంతి నా మెడ ఎముకకి తగిలింది. నేను అది పిచ్ మీద పడి లేస్తుందని మోకాళ్ళు వంచి కింద కాచుకున్నాను.

"ఇది నేల మీద పడదు బామ్మర్దీ," అన్నాడు బావ. "తిన్నగా నీ దగ్గరికే వస్తుంది. నువ్వంటే దానికి ఇష్టం."

మూడు వారాల్లో పట్టుకోవడం వచ్చింది. అప్పటినుంచి జట్టులో ఒక పద్ధతి: బావ మౌండ్ మీదికొస్తే పాత క్యాచర్, అంటే ఇక్కడి కీపర్, పక్కకి వెళ్ళి నేను వస్తాను. జట్టులో తెలుగువాళ్ళం మేమిద్దరమే. సంజ్ఞలు అవసరం లేదు. "బయటికి", "కిందకి", "మెల్లగా" అని నేను తెలుగులో అరిచేవాణ్ణి, బ్యాట్ పట్టుకున్నవాడు నా మొహం చూసేవాడు.

పగలు నేను చేసే పని స్ప్రింగుల్ని విరగ్గొట్టడం. ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఫెటీగ్ టెస్టింగ్ ఇంజినీర్‌ని. యంత్రంలో స్ప్రింగ్ పెడతాం, అది నొక్కుతుంది, వదులుతుంది, నొక్కుతుంది. విరిగేదాకా. ఎన్నో నొక్కుడికి విరిగిందో అదే మాకు కావలసిన సంఖ్య. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక టెక్నీషియన్ యంత్రం సరిగా ఉందో లేదో చూడటానికి స్ప్రింగ్‌ని రెండొందలసార్లు నొక్కించి, తర్వాత కౌంటర్‌ని సున్నాకి తిప్పాడు. నేను రిపోర్ట్ మొత్తం కొట్టేశాను. "పరీక్ష మొదలైందని స్ప్రింగ్‌కి తెలుసా?" అని అడిగాను. ఆ మాట ల్యాబ్‌లో చాలాకాలం తిరిగింది. నాకు గర్వంగా ఉండేది.

అలాంటివాణ్ణి కాబట్టి బావ బంతుల లెక్క నేను రాయడం సహజమే. ప్రతి బంతికీ ఒక వరుస. తేదీ, రకం, వేగం, ఎక్కడ పడింది, ఏమైంది. వారానికి ఎన్ని వేశాడో గ్రాఫ్. ఆ గ్రాఫ్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు. నాలుగో సీజన్‌లో బావ ఒక్కవారం కూడా ఆకుపచ్చ దాటలేదు.

చేయి టప్‌మన్న ఆదివారానికి ముందు బుధవారం ప్రాక్టీసులో బావ మోచేయి లోపలి వైపు రుద్దుకున్నాడు.

"ఇక్కడ లాగుతోంది కొంచెం," అన్నాడు.

నేను ఫోన్ తీసి షీట్ చూశాను. "పోయినవారం నువ్వు వేసింది తొమ్మిదే బావా. ఇది లోడ్ ఎక్కువై కాదు. పడుకున్న తీరులో ఏదో తేడా."

"తొమ్మిదేనా?"

"తొమ్మిదే."

"సరే అయితే," అని మళ్ళీ బంతి తీసుకున్నాడు. నా లెక్కని నమ్మి తీసుకున్నాడు.

స్కాన్‌లో తేలింది: మోచేయి లోపలి లిగమెంట్ సగం చిరిగింది. పూర్తిగా తెగలేదు. డాక్టర్ చెప్పిన దారులు మూడు. ఆపరేషన్ చేయించుకుని ఏడాది పైన ఆగడం. ఆపరేషన్ లేకుండా విశ్రాంతి, వ్యాయామం, ఆ తర్వాత ఎలా ఉంటే అలా. మూడోది ఆయన నవ్వుతూ చెప్పాడు, "లేదా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగస్థుడిలా బతకడం."

కారులో అక్క నడుపుతోంది. బావ చేయి మడిచి కట్టి ఉంది.

"మూడోది జోక్ కదా?" అన్నాడు బావ.

"కాదు," అంది అక్క.

ఫిజియోథెరపిస్ట్ ఒక పొట్టి ఆవిడ, మాటలు తక్కువ. మొదటి రోజు బావతో పాటు నేనూ వెళ్ళాను, నా షీట్ ప్రింట్ చేసి పట్టుకుని. ఆవిడ దాన్ని మర్యాదగా చూసింది. సీజన్ మొత్తానికి రెండొందల పద్నాలుగు బంతులు.

"చాలా బాగుంది," అంది. "మిగతావి ఎక్కడ?"

"మిగతావి అంటే?"

"మౌండ్ ఎక్కేముందు చేయి వేడెక్కించుకోడా ఈయన?"

నేను ప్రింట్ వెనక్కి తీసుకున్నాను.

క్లోజర్ పని ఎలా ఉంటుందంటే, ఆట ఏడో ఇన్నింగ్‌లో బిగుసుకోగానే కోచ్ "లే" అంటాడు. బావ లేచి పక్కన, చేయి వేడెక్కించుకునే బుల్‌పెన్‌లో నాకు ఇరవై పైన బంతులు వేస్తాడు, గట్టిగా. ఈలోపు మావాళ్ళు రెండు పరుగులు చేస్తారు. "కూర్చో." అవతలివాళ్ళు మళ్ళీ దగ్గరికొస్తారు. "లే." మళ్ళీ ఇరవై. కొన్ని ఆదివారాలు మూడుసార్లు లేచి, అసలు మౌండ్ ఎక్కకుండానే ఇంటికొచ్చాడు. ఆ రోజు నా షీట్‌లో సున్నా. గ్రాఫ్‌లో ఆకుపచ్చ. ఆ బంతులన్నీ పట్టుకున్నది నేను. నా ఎడమ అరచేయి బొటనవేలి కింద సీజన్ పొడుగునా నీలంగా ఉండేది. అంపైర్ "ప్లే" అన్నాకే బంతి లెక్క అని కోచ్ నలభై ఏళ్ళుగా రాస్తున్న పద్ధతి, నేను అదే పద్ధతిని రంగులు వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించానంతే.

ఇంటికొచ్చి కూర్చున్నాను. కోచ్ పంపిన మెసేజీలు, నా కేలండర్, గ్రూప్‌లో పెట్టిన ఫోటోలు, అన్నీ ముందేసుకున్నాను. పద్దెనిమిది ఆదివారాలు. బుల్‌పెన్‌లో తొమ్మిదొందల తొంభై. ఇన్నింగ్ మొదలయ్యేముందు మౌండ్ మీద వేసుకునేవి నూట పన్నెండు. బుధవారం ప్రాక్టీసులు ఆరొందలు. ఇవి కాక షీట్‌లో ఉన్న రెండొందల పద్నాలుగు. వెరసి పందొమ్మిది వందల పదహారు.

అంటే బావ వేసిన ప్రతి తొమ్మిది బంతుల్లో నేను రాసింది ఒకటి.

ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. దెబ్బ తగిలిన ఆదివారం నుంచి పదకొండో రోజు. అక్క చపాతీలు చేస్తోంది, బావ ఎడమచేత్తో తింటున్నాడు. కాగితం బల్లమీద పెట్టి చెప్పాల్సింది చెప్పాను. బుధవారం సంగతి కూడా చెప్పాను.

అక్క మందుల షాపులో ఫార్మసిస్ట్. మాత్రలు అయిదేసి చొప్పున పళ్ళెంలో జరుపుతూ లెక్కపెట్టడం ఆవిడ రోజంతా చేసే పని. కాగితం రెండుసార్లు చదివింది.

"నువ్వు పట్టుకున్న బంతులు నువ్వే లెక్కపెట్టలేదా?"

"లేదక్కా."

"చేతికి తగుల్తుంటే కూడా?"

"ఆటలోవి కావు కదా అని..."

"మోచేతికి తెలుసా అది ఆటో కాదో?"

ల్యాబ్‌లో నేను అన్న మాట అక్కకి తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు.

బావ తినడం ఆపాడు. కాగితం తిప్పి చూశాడు. తర్వాత నవ్వాడు, పెద్దగా, నోట్లో చపాతీతో.

"పందొమ్మిది వందలా? సగమే చిరిగిందా? నా చేయి సూపర్ కదా మాన్!"

"నవ్వకు," అంది అక్క.

"కాదు, విను. నేను ముసలివాడిని అయిపోయి చేయి పోలేదు. లెక్క తప్పైపోయి పోయింది. అది వేరే. లెక్క సరి చేయొచ్చు."

"నిన్ను ఎవరు వేయమంటున్నారు మళ్ళీ?"

"ఎవరూ అనట్లేదు. అందుకే వేస్తా."

ఆపేయమన్నవాళ్ళ జాబితా నా దగ్గర ఉంది. డాక్టర్, సగం నవ్వుతూ. బావ ఆఫీసులో ముగ్గురు. ఫోన్‌లో మా నాన్న. ఎవరిదో గృహప్రవేశం భోజనాల దగ్గర ఒక అంకుల్, సాంబారు వడ్డించుకుంటూ, "ఇంకా ఏం బాల్ బాబూ, ఇక గోల్ఫ్ మొదలుపెట్టు, నెట్‌వర్కింగ్ కూడా అవుతుంది" అన్నాడు. బావ ఆయన ప్లేటులోకి ఇంకో గరిటె సాంబారు పోసి, "గోల్ఫ్‌లో ఎవరూ నన్ను చూసి భయపడరు అంకుల్" అన్నాడు. ఆ అంకుల్‌కి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. చేత్తో చేసే పని ఒకటి, ఊళ్ళో అందరికంటే బాగా వచ్చు అని తెలిసినవాడు దాన్ని బుద్ధిగా మడిచి అల్మరాలో పెట్టేయడు. పెట్టేయమని చెప్పేవాళ్ళకి అలాంటి పని ఒక్కటీ ఉండదు. ఆ రోజు నేను కోపంగా అనుకున్నాను ఈ మాట. ఇప్పుడు కోపం లేదు కానీ మాట మార్చుకోలేదు.

అక్క మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు ఒక క్లిక్కర్ కొనుక్కొచ్చింది. థియేటర్ గుమ్మం దగ్గర జనాన్ని లెక్కపెట్టడానికి వాడతారే, బొటనవేలితో నొక్కేది, అది. స్టీలుది.

"ఇక లెక్క నాది," అంది. "గ్యారేజీలో వేసినా, పార్కులో వేసినా, పక్కింటి కుక్కకి వేసినా నొక్కుతాను. ఫిజియో ఎంత చెబితే అంత. ఒక్కటి దాటినా నేను ఇంట్లో బంతి అనేది ఉంచను. నీ షీట్‌తో నువ్వు ఆడుకో."

ఆఖరి మాట నాతో.

డాక్టర్ చెప్పిన రెండో దారే, ఆపరేషన్ లేకుండా. సెప్టెంబర్ నుంచి క్రిస్మస్ దాకా బావ ఏమీ వేయలేదు. రబ్బరు పట్టీలు లాగాడు, చిన్న డంబెల్ తిప్పాడు, తిట్టాడు. జనవరిలో గ్యారేజీలో వల కట్టాం. అక్క కారు మంచులో బయట ఉండేది. పొద్దున అద్దం మీద మంచు గీకడం నా పని, అది నా శిక్ష అని ఆవిడ అనలేదు కానీ గీకుడు కర్ర నాకే ఇచ్చేది. గ్యారేజీలో హీటర్ పెట్టుకుని, ఇరవై అడుగుల దూరం నుంచి, బావ మెల్లగా వేసేవాడు. మొదటి రోజు పది. క్లిక్, క్లిక్. అక్క మెట్టు మీద శాలువా కప్పుకుని కూర్చునేది. పదకొండోది వేయబోతే క్లిక్కర్ ఎత్తి చూపించేది. మార్చిలో గ్యారేజీ తలుపు తెరిచి బావ వాకిట్లో నిలబడితే నలభై అయిదు అడుగులు వచ్చింది. మే నెలలో మౌండ్.

స్పీడ్ గన్ డెబ్భై నాలుగు చూపించింది.

బావ గన్ తీసుకుని తట్టాడు. మళ్ళీ వేశాడు. డెబ్భై నాలుగు.

"బ్యాటరీ," అన్నాడు.

"బ్యాటరీ కొత్తది బావా."

"నాది," అన్నాడు.

ఎనభై ఎనిమిది మళ్ళీ రాలేదు. జూన్, జూలై మొత్తం మేం నేర్చుకున్నది ఒకటే: డెబ్భై నాలుగుతో బతకడం. ఒకే చేతి విసురుతో అరవై రెండూ, డెబ్భై నాలుగూ రావాలి. బ్యాట్స్‌మన్ బెల్టు కింద రెండు వేళ్ళ మేర చోటు ఉంటుంది, అక్కడ తప్ప ఇంకెక్కడా వేయకూడదు. బంతులు తక్కువ కాబట్టి ఒక్కొక్కటి వేసేముందు మాట్లాడుకునేవాళ్ళం. ఇంతకుముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఫిజియో ఇచ్చిన సంఖ్య: ఆట రోజున ముప్పై ఐదు. అన్నీ కలిపి. "అన్నీ" అన్నప్పుడు నావైపు చూసింది.

కష్టమైంది కోచ్‌తోనే. డెబ్భై ఏళ్ళ మనిషి, ఒకప్పుడు స్కూల్ బస్సు డ్రైవర్. లేపితే పంపాలి, పంపకపోతే లేపకూడదు, అన్నాం. పన్నెండు బంతులు బుల్‌పెన్‌లో, మూడు మౌండ్ మీద, ఇరవై ఆటలో.

"నా ఆట నడపడం నాకు నేర్పుతున్నావా?" అన్నాడు నాతో.

నేను పందొమ్మిది వందల పదహారు కాగితం ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం ఆయన నోట్‌బుక్ తెరిచి ఉంటే చూశాను. ప్రతి పేజీలో స్కేలుతో ఒక కొత్త గీత. బంతి వేసే ప్రతివాడి పేరు పక్కన రెండు గళ్ళు: ఆటలో, మొత్తం. ఒక్క బావకి కాదు, అయిదుగురికీ. మా జట్టులో ఇప్పుడు పందొమ్మిదేళ్ళవాడి దగ్గర్నుంచి అందరికీ రెండో గడి ఉంది. మిగతా జట్లలో కూడా కొందరు గీసుకున్నారని విన్నాను. బావ పేరు ఆ లీగ్‌లో దేనివల్ల మిగులుతుందంటే నేను ఎనభై ఎనిమిది అని చెప్పను. ఆ గీత అని చెబుతాను.

ఆగస్టు ఆఖరి ఆదివారం. సీజన్‌లో చివరి ఆట. అవతల సరిగ్గా ఏడాది కింద బావ చేయి పోయినప్పుడు ఆడిన జట్టే. తొమ్మిదో ఇన్నింగ్, ఒక్క పరుగు ఆధిక్యం. కోచ్ మావైపు చూసి, "లే. పంపుతున్నాను," అన్నాడు.

బుల్‌పెన్‌లో పన్నెండు. మౌండ్ మీద మూడు. అక్క కుర్చీ కంచెకి ఆనించి ఉంది, క్లిక్కర్ ఒళ్ళో కాదు, చేతిలో. ఇంకో బౌలర్ పక్కన లేచి సిద్ధంగా ఉన్నాడు. ముప్పై ఐదు అయిపోతే, బ్యాట్స్‌మన్ మధ్యలో ఉన్నా సరే, బావ దిగిపోవాలి. అది ఒప్పందం.

అవతలి బెంచీవాళ్ళు మొదటి బంతి చూశారు. వెక్కిరింపు మొదలైంది.

"ఏయ్, అది ఆయన తమ్ముడా?"

"బంతి పోస్టులో వస్తోందిరా, సంతకం పెట్టి తీసుకో!"

మొదటివాడు నాలుగో బంతిని ఆకాశంలోకి లేపాడు, నేనే పట్టుకున్నాను. పందొమ్మిది. రెండోవాడు మూడో బంతిని తిన్నగా కొట్టి, నేల మీది తెల్ల దిండు, మొదటి బేస్ చేరాడు. ఇరవై రెండు. అక్కడ వాళ్ళకి ఒక సంగతి తెలిసింది. బేస్ మీద ఉన్నవాడు ముందుకి జరుగుతుంటే ఏ బౌలరైనా ఒకసారి అటు విసిరి బెదిరిస్తాడు. బావ విసరడం లేదు. వాడు ఇంకో అడుగు జరిగాడు, ఇంకో అడుగు, తర్వాత నింపాదిగా రెండో బేస్‌కి పరుగెత్తాడు. బెదిరించే విసురు కూడా క్లిక్కరే కాబట్టి బావ వాడిని చూస్తూ నిలబడ్డాడు. బెంచీలో నవ్వులు.

మూడోవాడు ఆరు బంతులకి, అరవై రెండు మైళ్ళదానికి ముందే ఊపేసి అవుట్. ఇరవై ఎనిమిది.

మూడు అవుట్‌లకి ఇన్నింగ్ అయిపోతుంది, ఇంకొక్కటి చాలు. నాలుగోవాడు పొడుగువాడు. పోయినేడు బావ చేయి పోయినప్పుడు బ్యాట్ పట్టుకున్నది వీడే. ఒకటి బయటికి, ఒకటి లోపలికి, ఊపి తప్పాడు, ఒకటి బయటికి. ఒకటి బ్యాట్ అంచుకి తగిలి పక్క కంచె అవతలికి; అలా పోతే పరుగూ లేదు, అవుటూ లేదు, మళ్ళీ వేయాలి. ఇంకోటి బయటికి. ఇంకోటి మళ్ళీ కంచె అవతలికి. ముప్పై నాలుగు.

నేను మౌండ్ దగ్గరికి వెళ్ళాను. బావ మెడ మీద చెమట. చేయి మాత్రం తిన్నగా వేలాడుతోంది.

"ఒక్కటే ఉంది," అన్నాను.

"తెలుసు."

"నొప్పి?"

"లేదు. నిజంగా లేదు."

అప్పుడు నేను అన్న మాట రాయకుండా వదిలేయొచ్చు. రాస్తున్నాను. "నొప్పి లేకపోతే, వాడు మళ్ళీ అంచుకి తగిలించినా ఇంకోటి వేసేయ్ బావా. అక్కతో నేను మాట్లాడతా. ఒక్కదానికి ఏమీ కాదు."

బావ నా మొహంలోకి చూశాడు.

"ఆ బుధవారం కూడా నువ్వు ఇదే అన్నావు."

నేను గ్లవ్‌లోని బంతి ఆయన చేతిలో పెట్టాను.

"తగిలిస్తే వెళ్ళిపోతా," అన్నాడు. "వచ్చే ఏడు మళ్ళీ వస్తా. వీళ్ళు నవ్వుతారు, నవ్వనీ. పో, కూర్చో. కిందకి వేస్తా."

వెళ్ళి కూర్చున్నాను. ముప్పై ఐదో బంతి బెల్టు కింద, రెండు వేళ్ళ చోట పడింది. పొడుగువాడు దాని నెత్తిన కొట్టాడు. బంతి గడ్డిలో గెంతుతూ మౌండ్‌కీ మొదటి బేస్‌కీ మధ్యలోకి వచ్చింది. బావ దిగి ఒంగి అందుకున్నాడు. బేస్ కాసేవాడు కూడా బంతి కోసమే ముందుకొచ్చేశాడు, బేస్ ఖాళీ. మా ఇంకో ఫీల్డర్ దానివైపు పరుగెత్తుతున్నాడు. బంతి అతనికి విసిరితే సరిపోతుంది, బ్యాట్స్‌మన్ చేరేలోపు. రెండో బేస్ మీదున్నవాడు అప్పటికే మూడోది దాటి నావైపు వస్తున్నాడు; వాడు నా దగ్గరికి చేరితే స్కోరు సమం.

"వెయ్యి! బావా, వెయ్యి!" అని అరిచాను.

బావ వేయలేదు. బంతిని గ్లవ్‌లో పొట్టకి అదుముకుని పరుగు మొదలుపెట్టాడు. బంతి పట్టుకున్నవాడి కాలు బ్యాట్స్‌మన్ కాలుకంటే ముందు బేస్ తొక్కితే అవుట్. విసరాలని ఎక్కడా లేదు. ముప్పై ఐదేళ్ళ మనిషి, ఏడాదిగా ఇంట్లో చపాతీలు తిన్న పొట్ట. పక్కనుంచి ఇరవై అయిదేళ్ళ పొడుగువాడు. ఇద్దరూ ఒకే బేస్‌కి. బావ టోపీ ఎగిరిపోయింది. ఆఖరి అడుగు ఆయన వేసిన తీరు పరుగు కాదు, పడటం. కాలు ముందు పడింది, తర్వాత మనిషి పడ్డాడు, ఎడమ భుజం మీద, కుడిచేయి గాల్లోకి ఎత్తిపెట్టి.

అంపైర్ పిడికిలి బిగించాడు.

నేను చేరేసరికి బావ వెల్లకిలా పడి ఊపిరి పీల్చుకుంటున్నాడు. అక్క కంచె తలుపు తోసుకుని వచ్చింది.

"విసరచ్చుగా! గుండె ఆగిపోతే?"

"అది ముప్పై ఆరు అయ్యేది," అన్నాడు బావ.

అక్క కింద కూర్చుని ఆయన మోచేయి లోపలి వైపు బొటనవేలితో నొక్కి చూసింది, ఆయన మొహం చూస్తూ. బావ మొహం మారలేదు. అవతలి బెంచీలో బ్యాట్‌లు సర్దుతున్న చప్పుడు.

కోచ్ వచ్చి అక్క చేతిలోని క్లిక్కర్ అడిగి తీసుకున్నాడు. కళ్ళజోడు పైకి తోసి చదివి, నిలబడే నోట్‌బుక్‌లో రెండు గళ్ళూ నింపాడు. ఆటలో, ఇరవై. మొత్తం, ముప్పై ఐదు.